నవ్వుకి ఐదు నిమిషాలు

ఆ బడిలో తొమ్మిదో తరగతికి శుక్రవారం ఆఖరి పీరియడు బడి నర్సు నర్సమ్మది. దానికి పుస్తకం లేదు, మార్కులు లేవు. బోర్డు మీద రాసిందంతా గంట కొట్టేలోపు తుడిచెయ్యాలని పెద్ద మేడం ఆర్డరు. టైంటేబుల్లో దాని పేరు 'ఆరోగ్యం'. పిల్లలు మాత్రం 'నవ్వుల క్లాసు' అంటారు. అలా అనడానికి కారణం ఉంది.

మూడేళ్ళ కిందట మొదటిసారి క్లాసులోకి వెళ్ళినప్పుడు నర్సమ్మ మగపిల్లవాడి శరీరం బొమ్మ ఒకటి, ఆడపిల్ల శరీరం బొమ్మ ఒకటి బోర్డుకి తగిలించి, భాగాల పేర్లు చదవబోయింది. మొదటి పేరుకే వెనక బెంచీ కిచకిచలాడింది. రెండో పేరుకి ముందు బెంచీ వాళ్ళు పుస్తకాల్లో తలలు దూర్చారు. మూడో పేరు ఎవరికీ వినపడనే లేదు. కోప్పడింది, బల్ల గుద్దింది, బయటికి పొమ్మంది. ఏం చేసినా నవ్వు ఒకచోట అణిగితే ఇంకోచోట పుట్టింది. ఆ రోజు ఆవిడ ఇంటికెళ్ళి కాళ్ళు చాపుకుని కూర్చుని చాలాసేపు ఆలోచించింది. ఈ ఉద్యోగానికి ముందు ఇరవై రెండేళ్ళు ఆసుపత్రి వార్డులో పనిచేసిన మనిషి. వాంతి వచ్చేవాడి నోరు నొక్కకూడదు, పక్కన పళ్ళెం పెట్టి రానివ్వాలి అని ఆవిడకి బాగా తెలుసు. నవ్వూ అంతే కదా అనుకుంది.

మరుసటి వారం సైన్సు ల్యాబు బీరువాలోంచి ఒక ఇసుక గడియారం పట్టుకొచ్చింది. పైనున్న ఇసుకంతా కిందికి జారడానికి సరిగ్గా ఐదు నిమిషాలు పడుతుంది. దాన్ని బల్ల మీద తిరగేసి పెట్టింది.

"ఈ ఇసుక అయిపోయేదాకా నవ్వండి. కడుపారా నవ్వండి. నేనొక్కో పేరూ చదువుతాను, మీరందరూ గట్టిగా అనండి. నవ్వొస్తే ఆపుకోకండి. ఇసుక అయిపోయాక మాత్రం ఎవడు నవ్వినా నేను మంచిదాన్ని కాదు" అంది.

మొదటి నిమిషం గది పైకప్పు ఎగిరిపోతుందేమో అన్నంత నవ్వు. 'వృషణం' అనగానే ఒకడు బెంచీ మీంచి కిందపడ్డాడు. రెండో నిమిషంలో కళ్ళనీళ్ళు తుడుచుకున్నారు. మూడో నిమిషంలో నవ్వు తెచ్చిపెట్టుకోవలసి వచ్చింది. నాలుగో నిమిషంలో ఎవరో ఆవులించారు. ఇసుక అయిపోయేసరికి వృషణం అన్నా మోకాలు అన్నా ఆ పిల్లలకి ఒకటే అయింది. "ఆ, ఇప్పుడు పాఠం" అని నర్సమ్మ సుద్దముక్క తీసింది. అప్పటినుంచీ ఏటా కొత్త బ్యాచి వచ్చినప్పుడు మొదటి క్లాసులో అదే తంతు.

దీనికి అడ్డుపడుతూ వచ్చింది పరాయివాడెవడో అయితే నర్సమ్మ ఖాతరు చేసేది కాదు. అడ్డుపడింది సొంత తమ్ముడు. బడి ఎదురుగా మందుల షాపు అతనిది. తల్లిదండ్రుల కమిటీకి అధ్యక్షుడు కూడాను. దగ్గు మందూ విరేచనాల మందూ వీధి చివరికి వినపడేలా పేరు పెట్టి అడిగి ఇవ్వగలడు. ఆడపిల్ల ఎవరైనా వచ్చి నెలసరి ప్యాడ్లు అడిగిందా, గొంతు గుసగుసలోకి దిగిపోతుంది. పాత పేపర్లో రెండు చుట్లు చుట్టి, నల్ల కవర్లో పెట్టి, కవరు మూతి ముడేసి, ఎటో చూస్తూ చేతికిస్తాడు. "అందులో ఉన్నది నాటుబాంబు కాదురా" అని నర్సమ్మ ఎన్నిసార్లు చెప్పినా గోడకి చెప్పినట్టే. ఆ వీధిలో నల్ల కవరుకి అర్థం తెలియనివాళ్ళు లేరు కాబట్టి, పాపం, అతను దాచింది కూడా ఏమీ లేదు.

"అక్కా, నువ్వు ఆసుపత్రిలో ఉన్నన్నాళ్ళూ మా అక్క మా అక్క అని కాలరెగరేసుకుని తిరిగాను. ఇప్పుడు షాపుకొచ్చిన ప్రతివాడూ, మీ అక్కగారు పిల్లలకి అదేదో చెబుతున్నారట కదా అంటున్నాడు" అన్నాడు ఈ ఏడాది బడి తెరిచిన వారంలో.

"అదేదో అంటే?"

"అదే."

"అదే అంటే ఏదిరా?"

తమ్ముడు కౌంటరు మీద లేని దుమ్ము తుడిచాడు. "మావాడు ఈ ఏడు తొమ్మిదికొచ్చాడు. వాడు మాత్రం నీ క్లాసులో కూర్చోడు. రాసిస్తాను."

అన్నట్టే రాసిచ్చాడు, సంతకం పెట్టి, షాపు ముద్ర కూడా వేసి. నర్సమ్మ మనసు చివుక్కుమంది. వాడు తను ఎత్తుకుని పెంచిన మేనల్లుడు. ఇంట్లో అందరూ చిన్నోడు అంటారు. ఊళ్ళో పిల్లలందరికీ చెప్పి, సొంత మేనల్లుణ్ణి గడప బయట నిలబెట్టడం ఏం న్యాయం? కానీ తండ్రి సంతకం తండ్రి సంతకమే. శుక్రవారం ఆఖరి పీరియడు చిన్నోడు లెక్కల పుస్తకం పట్టుకుని వరండాలో బెంచీ మీద కూర్చునేవాడు. లోపలికి రానివ్వనని నర్సమ్మ మాటిచ్చింది, మాట నిలబెట్టుకుంది. తలుపు మూస్తానని మాత్రం ఆవిడ ఎవరికీ మాటివ్వలేదు.

ఆ ఏడాది నర్సమ్మ గొంతు కొంచెం పెరిగిందని పక్క క్లాసు టీచర్లు అనుకున్నారు. మగపిల్లల సంగతులు చెప్పే వారాల్లో మరీ. పైగా ఆ క్లాసులో పేర్లు చదివి పలికించే పని ఒకమ్మాయిది. దేవుడిచ్చిన గొంతు. మాస్టార్లు కూడా ఆ పిల్లని 'మైకు' అనే పిలుస్తారు. మైకు ఒక మాట అంటే వరండాలో ఉన్నవాడికేం, గేటు దగ్గర వాచ్‌మన్‌కి కూడా పాఠం అర్థమవుతుంది. వరండా బెంచీ మీద లెక్కల పుస్తకం నెలల తరబడి ఒకే పేజీ దగ్గర తెరిచి ఉండడం నర్సమ్మ గమనించింది. గమనించి ఊరుకుంది. అందరూ విరగబడి నవ్విన రోజున కూడా వాడు అరచేత్తో నోరు నొక్కుకుని కూర్చున్నాడు. నవ్వితే వింటున్నట్టు తెలిసిపోతుందని వాడి భయం.

ఆ ఏడాది సగంలో ఒక శుక్రవారం నర్సమ్మ బోర్డు మీద పెద్దగా '6 గంటలు' అని రాసింది.

"వార్డులో ఉండగా ఒక పిల్లాడు వచ్చాడు. మీ వయసే. రెండ్రోజుల్నుంచి కడుపునొప్పి అన్నాడు, ఇంట్లో కడుపునొప్పి మాత్రలు మింగించారు. తీరా చూస్తే కడుపు కాదు. వృషణం లోపల మెలిపడింది. రక్తనాళం మెలిపడితే దానికి రక్తం అందదు. దెబ్బ తగలక్కర్లేదు, ఊరికే నిద్రలో కూడా మెలిపడొచ్చు. ఉన్నట్టుండి నొప్పి, వాంతి. ఆరు గంటల్లోపు వస్తే డాక్టరు మెలి విప్పుతాడు. వాడు మూడో రోజు వచ్చాడు. తీసెయ్యాల్సొచ్చింది."

వెనక బెంచీలో ఒకడు తెలియకుండానే మోకాళ్ళు దగ్గరికి తీసుకున్నాడు.

"వాడికేం కాలేదు, ఒకటి సరిపోతుంది, పెళ్ళయి పిల్లలున్నారు. కానీ ఆ రోజు వాళ్ళమ్మ, ముందే ఎందుకు చెప్పలేదురా అని ఏడిస్తే వాడేమన్నాడో తెలుసా? ఏమని చెప్పనమ్మా, ఆ మాట మనింట్లో ఎవరూ అనరుగా అన్నాడు." నర్సమ్మ '6 గంటలు' కింద గీత గీసింది. "నేను మీకు ఈ పేర్లన్నీ అరిపించేది అందుకు. అడగందే అమ్మైనా పెట్టదంటారు. అడగాలంటే ముందు పేరు పలకాలి."

ఇంతలో కమిటీ వాళ్ళ గొడవ పెరిగింది. ఆ పీరియడు లెక్కలకి ఇస్తే మార్కులైనా పెరుగుతాయన్నారు. పెద్ద మేడం చెడ్డ మనిషేం కాదు, కానీ కమిటీ అంటే భయం. నర్సమ్మని గదికి పిలిచింది.

"ఈ క్లాసు వల్ల ఏం ఫలితం వచ్చిందో నెలాఖరు శనివారం మీటింగులో చూపించండి నర్సమ్మగారూ. చూపిస్తే ఉంటుంది, లేకపోతే వచ్చే ఏడు ఉండదు. నా చేతుల్లో లేదు."

"పిల్లలు గోతిలో పడలేదని ఎలా చూపించను మేడం? జరగనిదానికి ఫోటో తియ్యలేం కదా."

"ఏదో ఒకటి. కాగితం మీద."

సరే, కాగితం మీదే చూపిద్దామని నర్సమ్మ ముప్పై ప్రశ్నల పరీక్ష పెట్టింది. ముప్పై నాలుగు మందిలో ముప్పై ఒక్కమందికి నూటికి ఎనభై దాటాయి. లెక్కల మాస్టారు తన జన్మలో చూడని మార్కులు అవి. ఆ కాగితాలు పట్టుకుని సంబరంగా తమ్ముడి షాపుకెళ్ళింది.

అతను ఒక్కో కాగితం చూస్తూ మొహం మాడ్చుకున్నాడు. "మా బాధ అదే కదక్కా. పిల్లలకి అన్నీ తెలిసిపోయాయి."

"తక్కువొస్తే ఏమనేవాడివి?"

"ఏమీ రానప్పుడు క్లాసు దేనికనేవాణ్ణి."

కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం. నర్సమ్మ కాగితాలు సంచీలో కుక్కుకుని వెనక్కొచ్చింది. ఆ రోజు ఆవిడకి మొదటిసారి నిజంగా భయం వేసింది. ఈ క్లాసు పోతే పిల్లలు మళ్ళీ వీధి అరుగుల మీద, ఫోన్లలో, పెద్ద క్లాసుల పోకిరీల నోట నేర్చుకుంటారు. మళ్ళీ ఎవడో ఒకడు మూడో రోజున వార్డుకొస్తాడు. ఆవిడకి నిద్ర పట్టలేదంటే అబద్ధం కాదు.

ఆ శనివారానికి మూడు రోజుల ముందు, బుధవారం, ఆటల పోటీలకి ప్రాక్టీసు. పొద్దున్నే మైదానంలో పరుగు పందెం జట్లు తయారవుతున్నాయి. పదిన్నర దాటాక నర్సమ్మ ప్రథమ చికిత్స గదిలో దూది చుట్టుకుంటూ ఉంటే డ్రిల్లు మాస్టారు చిన్నోణ్ణి భుజం పట్టి నడిపించుకొచ్చాడు. వాడు సగానికి వంగి నడుస్తున్నాడు. మొహం సున్నం కొట్టినట్టుంది. వెనకే జట్టంతా వచ్చి గుమ్మం దగ్గరా కిటికీ దగ్గరా మూగారు.

"కడుపునొప్పట. పొద్దున్నించీ ఉందట, చెప్పకుండా చెట్టుకింద కూర్చున్నాడు. ఇందాక వాంతి చేసుకున్నాడు. వాళ్ళ నాన్నకి ఫోన్ చేశాను" అన్నాడు మాస్టారు.

నర్సమ్మ వాణ్ణి మంచం మీద పడుకోబెట్టి పొట్ట నొక్కి చూసింది. మెత్తగా ఉంది. ఎక్కడ నొక్కినా వాడు ఉలిక్కిపడలేదు. మోకాళ్ళు మాత్రం దగ్గరికి ముడుచుకుని, చాపమంటే చాపడం లేదు. ఆవిడ గోడ గడియారం వైపు చూసింది.

"చిన్నోడా, ఎక్కడ నొప్పి?"

"కడుపు అత్తా."

"కడుపేనా?"

వాడు కిటికీ వైపు చూశాడు, గుమ్మం వైపు చూశాడు, కళ్ళు మూసుకున్నాడు. "కడుపే."

అంతలో తమ్ముడు రొప్పుతూ రానే వచ్చాడు, చేతిలో మాత్రల షీటుతో. "గ్యాస్. పొద్దున్న ఏమీ తినకుండా పరిగెత్తాడు, గ్యాస్ పట్టేసింది" అంటూ ఒక మాత్ర వాడి నోట్లో వేసి నీళ్ళు తాగించాడు. "పదరా, ఇంటికెళ్ళి పడుకుంటే రెండు గంటల్లో తగ్గుతుంది."

"ఆగు. అది కడుపు కాదేమోనని నా అనుమానం. నేనోసారి చూడాలి. అందరూ బయటికి నడవండి" అంది నర్సమ్మ.

తమ్ముడికి అర్థమయ్యింది. మొహం కందగడ్డయ్యింది. "అక్కా, నీకెప్పుడూ అదే గోల. వాడు నోరు తెరిచి కడుపు అంటుంటే, పిల్లలందరి ముందూ... లేవరా."

వాణ్ణి లేపి నిలబెట్టాడు. నర్సమ్మ వెళ్ళి గుమ్మానికి అడ్డంగా నిలబడింది. తమ్ముడికి ఆవిడ అలా అడ్డం నిలబడడం చిన్నప్పుడు వాడు చెరువుకి ఈతకి పోతానన్న రోజు తర్వాత మళ్ళీ ఇదే. చిన్నోడు తేలు కుట్టిన దొంగలా పెదవి బిగబట్టుకుని ఇద్దరి మధ్యా నిలబడ్డాడు. ఒక పక్క తండ్రి, ఎదురుగా అత్త, కిటికీ నిండా క్లాసు. వాడు నోరు విప్పడని నర్సమ్మకి అర్థమయిపోయింది. ఎన్ని పాఠాలు విన్నా, విన్నది బెంచీ మీద ఒంటరిగా కూర్చుని కదా.

అప్పుడు కిటికీ ఊచల్లోంచి మైకు గొంతు వచ్చింది. ఎప్పుడూ లేనంత మెల్లగా వచ్చింది. మైకు మెల్లగా మాట్లాడినా ఆ గదికి సరిపోతుంది.

"ఒరేయ్, మేమందరం ఎప్పుడో నవ్వేశాం. ఇసుక అయిపోయింది. ఇంక ఎవరూ నవ్వరు. చెప్పు."

చిన్నోడు కళ్ళు తెరిచాడు. తండ్రి చొక్కా అంచు పట్టుకున్నాడు.

"కడుపు కాదు నాన్నా. ఎడమ వృషణం. ఎనిమిదింపావుకి మొదలయ్యింది. రెండున్నర గంటలైంది. ఆరు గంటలే టైము."

తమ్ముడు ముందు చూసింది కొడుకు మొహం కాదు. కిటికీ వైపు చూశాడు, ఎవరు నవ్వుతారా అని. అక్కడ పదిహేను మంది దాకా ఉన్నారు, ఆడపిల్లలూ మగపిల్లలూ. ఎవరూ నవ్వలేదు. ఒకడు అప్పటికే గేటు తియ్యమని చెప్పడానికి వాచ్‌మన్ దగ్గరికి పరుగెత్తాడు. ఇంకొకడు డ్రిల్లు మాస్టారి ఫోన్ అడిగి తీసుకుని ఆసుపత్రి నంబరు వెతుకుతున్నాడు. తమ్ముడు వాళ్ళని అలా చూస్తూ ఉండిపోయాడు.

"వ్యాను తియ్యరా" అని నర్సమ్మ గట్టిగా అంటే గానీ కదల్లేదు.

మందుల పెట్టెలు మోసే వ్యాను అది. వెనక అట్టపెట్టెల మధ్య నర్సమ్మ కూర్చుని మేనల్లుడి తల ఒళ్ళో పెట్టుకుంది. "ఇంకేం తాగకు, ఏమీ తినకు. మత్తు ఇవ్వాల్సి ఉంటుంది" అని చెప్పింది. వాడు తలూపి, "తెలుసత్తా, ఆ వారం చెప్పావుగా" అన్నాడు. నర్సమ్మకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. రెండూ చేసింది.

ఆసుపత్రిలో సర్జన్ వయసులో చిన్నది, మాటలో చురుకు. ఎక్కడ, ఎప్పుడు అని అడిగితే చిన్నోడే జవాబు చెప్పాడు. నిమిషాల మీద స్కాను తీశారు, థియేటర్లోకి తీసుకుపోయారు. వరండాలో కబురందుకుని వచ్చిన మరదలు, చిన్నోడి తల్లి, కొంగుతో నోరు కప్పుకుని కూర్చుంది. "ఏమీ కాదు కదా వదినా" అని పదిసార్లు అడిగింది. పదిసార్లూ నర్సమ్మ, "టైముకొచ్చాం" అని ఒకటే మాట చెప్పింది. తమ్ముడు గోడకి ఆనుకుని చేతిలోని మాత్రల షీటు వైపే చూస్తున్నాడు.

"నా చేత్తోనే గ్యాస్ మాత్ర వేశానక్కా."

"వాడు కడుపన్నాడు, నువ్వు కడుపుకి వేశావు. వాడెందుకు కడుపన్నాడో అది ఆలోచించు."

అతను గోడవైపు తిరిగి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. నర్సమ్మ లేచి వీపు నిమిరింది.

సర్జన్ బయటికొచ్చి మాస్కు కిందికి లాగింది. "మెలి విప్పాం. రంగు తిరిగింది, బాగుంది. మళ్ళీ మెలిపడకుండా రెండువైపులా కుట్లు వేశాం. ఇంకో నాలుగు గంటలు గ్యాస్ అనుకుని ఉంటే తీసెయ్యాల్సొచ్చేది." తర్వాత ముగ్గురి వైపూ మార్చి మార్చి చూసింది. "ఈ వయసు మగపిల్లలు నా దగ్గరికి ఎప్పుడూ ఆలస్యంగానే వస్తారు. పేరు పెట్టి, ఏ వైపో చెప్పి, టైము కూడా చెప్పినవాడు వీడే. ఎవరు నేర్పారండీ?"

మరదలు నర్సమ్మని చూసింది. తమ్ముడు నేల చూశాడు. సర్జన్ వెళ్ళిపోయాక మెల్లగా అడిగాడు. "వాడికెలా తెలిసిందక్కా? నేను రాసిచ్చాగా, లోపలికి రానివ్వద్దని."

"రానివ్వలేదు. తలుపు మూస్తానని మాత్రం నేను రాసివ్వలేదు."

అతను ఆవిడ మొహంలోకి చూశాడు. పొద్దున్నించీ మొదటిసారి అతని పెదవి చివర కొంచెం కదిలింది.

శనివారం మీటింగుకి హాలు నిండింది. వార్త వీధంతా పాకింది కానీ, పాకిన తీరు వేరు. అధ్యక్షుడి కొడుక్కి ఏదో ఆపరేషనట, ఏదో చెప్పుకోకూడని చోటట. చెవులు కొరుక్కుంటున్నారు. నర్సమ్మ పరీక్ష కాగితాల సంచీ ఒళ్ళో పెట్టుకుని వెనక వరసలో కూర్చుంది. అవసరమైతే చూపిద్దామని ఇసుక గడియారం కూడా తెచ్చింది, దాని తల సంచీ పైకి కనపడుతూనే ఉంది. పెద్ద మేడం గొంతు సవరించుకుని, "ఆరోగ్యం క్లాసు కొనసాగించాలా వద్దా అనే విషయం" అని చదివింది. అధ్యక్షుడు లేచాడు.

"నేనే ఈ క్లాసు వద్దన్నవాణ్ణి. మీ అందరికీ తెలుసు. బుధవారం మావాడికి... అంటే... కింద..."

అక్కడ ఆగిపోయాడు. ముప్పై ఏళ్ళుగా కౌంటరు మీద మందులు అమ్మిన మనిషికి ఆ ఒక్క మాట పలకడం రాలేదు. వెనక వరసల్లో ఎవరో కిసుక్కుమన్నారు. దానికి ఇంకెవరో తోడయ్యారు. ఒక పెద్దమనిషి దగ్గు నటించాడు. నర్సమ్మ ఒళ్ళు మండిపోయింది. లేవబోయింది.

తమ్ముడు అప్పటికే ఆవిడ దగ్గరికి నడిచొస్తున్నాడు. సంచీలో చెయ్యి పెట్టి, ఆసుపత్రిలో చిన్నోడు కథంతా చెప్పిన ఆ ఇసుక గడియారం తీసుకుని, తిరిగి వెళ్ళి, అందరికీ కనపడేలా బల్ల మీద తిరగేసి పెట్టాడు.

"మా అక్క పిల్లలకి ఇచ్చే టైము మీకూ ఇస్తున్నాను. ఐదు నిమిషాలు. నవ్వండి. వృషణం."

హాలు గొల్లుమంది. అతను మళ్ళీ అన్నాడు. మళ్ళీ నవ్వారు. అతని చెవులు ఎర్రబడ్డాయి కానీ గొంతు తగ్గలేదు. నెలసరి అన్నాడు. ప్యాడ్లు అన్నాడు. "నేను నల్ల కవర్లో చుట్టి ఇస్తానే, అవే" అన్నప్పుడు అందరికంటే ఎక్కువ నవ్వింది ఆ కవర్లు కొనుక్కెళ్ళే ఆడవాళ్ళే. మూడో నిమిషానికి నవ్వు పలచబడింది. నాలుగో నిమిషంలో హాలు ఊరుకుంది. ఇసుక ఇంకా జారుతూనే ఉంది. ఆఖరి గింజ దాకా అతను అలాగే నిలబడ్డాడు.

"అయిపోయిందా? ఇప్పుడు వినండి. మావాడికి ఎడమ వృషణం మెలిపడింది. వాడు నాతో కడుపన్నాడు, ఎందుకంటే ఆ మాట నా ఇంట్లో లేదు. నేను గ్యాస్ మాత్ర వేశాను. మందులు అమ్మేవాణ్ణి, నేనే వేశాను. వాణ్ణి కాపాడింది ఈ క్లాసు. పేరు చెప్పరా, మేం నవ్వం అని తోటిపిల్ల అంటే వాడు చెప్పాడు. పదిహేనుమంది పిల్లలు చుట్టూ ఉన్నారు, ఒక్కరూ నవ్వలేదు. ఇందాక నవ్వింది మనం." అతను అక్క వైపు తిరిగాడు. "ఫలితం చూపించమన్నాను కదా. చూశాను."

మూడో వరసలో ఒక తల్లి చెయ్యెత్తింది. "నర్సమ్మగారూ, ఇలా మెలిపడడం ఆడపిల్లలకి కూడా ఉంటుందా?"

నర్సమ్మ లేచింది. "ఉంటుందమ్మా, అండాశయానికి. అరుదు, కానీ ఉంటుంది. చెబుతాను." ఇంకో తండ్రి ఇంకోటి అడిగాడు. దగ్గు నటించిన పెద్దమనిషి తన మనవడి గురించి అడిగాడు. అరగంటలో అయిపోవాల్సిన మీటింగు రెండు గంటలు పట్టింది. చేతులెత్తమంటే ఒక్కరు కూడా వద్దనలేదు. పైగా నెలకోసారి తల్లిదండ్రులకీ ఈ క్లాసు పెట్టాలని తీర్మానం అయింది. పెద్ద మేడం కాగితాలు సర్దుకుంటూ, "నవ్విన నాపచేనే పండుతుందంటారు, అబద్ధం కాదు" అంది. బోర్డు మీద రాసింది ఇకనుంచీ తుడవక్కర్లేదని కూడా అంది.

తర్వాతి శుక్రవారం నర్సమ్మ క్లాసులోకి వెళ్ళేసరికి వరండాలో బెంచీ లేదు. చిన్నోడు దాన్ని తోటివాళ్ళ చేత మోయించి లోపల రెండో వరస పక్కన వేయించుకున్నాడు. తను దర్జాగా దాని మీద కూర్చున్నాడు. చేతిలో తండ్రి రాసిచ్చిన కొత్త కాగితం, సంతకం, షాపు ముద్రతో సహా.

"మేడం, ఒక మనవి" అన్నాడు లేచి. "ఏడాది మొదట్లో వీళ్ళందరూ నవ్వారు. నేను నవ్వలేదు. నవ్వితే దొరికిపోతానని నోరు నొక్కుకుని కూర్చున్నాను. నా ఐదు నిమిషాలు నాకు కావాలి."

నర్సమ్మ వాణ్ణి ఎగాదిగా చూసింది. "కుట్లున్నాయిరా."

"మెల్లగా నవ్వుతాను."

ఆవిడ ఇసుక గడియారం తీసి తిరగేసింది. మైకు తనంతట తనే లేచి పేర్లు చదవడం మొదలుపెట్టింది, గేటు దగ్గర వాచ్‌మన్‌కి కూడా వినపడేలా. మొదటి పేరుకే చిన్నోడు పొట్ట పట్టుకున్నాడు. వాణ్ణి చూసి క్లాసంతా మళ్ళీ నవ్వింది. కళ్ళనీళ్ళు కారేలా, బెంచీ ఊగేలా, కుట్లు లాగుతున్నాయి ఆపండ్రా అంటూనే వాడు నవ్వాడు. నర్సమ్మ కూడా కుర్చీలో కూలబడి నవ్వింది. ఇసుక అయిపోయింది. చిన్నోడు కళ్ళు తుడుచుకుని నోట్‌బుక్కు తెరిచాడు.

"ఆ, ఇప్పుడు పాఠం" అని ఆవిడ సుద్దముక్క తీసింది.